తాత రేడియోలో గరగర, 1345 కోట్ల ఏళ్ళ నాటి ఉదజని

మొన్న దసరాకి ఊరెళ్ళాను. మాది దౌల్తాబాద్. ఆ పేరు చెప్పగానే అందరికీ తుగ్లక్, ఔరంగాబాద్ దగ్గరి కోట గుర్తొస్తాయి కాబట్టి ముందే చెప్తున్నా: ఇది సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్. 2016లో జిల్లాలు విడగొట్టేదాకా మెదక్ జిల్లా. కోట లేదు, తుగ్లక్ రాలేదు.

పండక్కి ఇల్లు దులుపుతుంటే అటక మీద తాత రేడియో దొరికింది. తాత పోయి ఆరేళ్ళయింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ముల్లు 738 మీదే ఉండేది, అంటే హైదరాబాద్ 'ఎ' కేంద్రం మీడియం వేవ్. ఇంట్లో ఎవరు ముల్లు కదిపినా ఊరుకునేవాడు కాదు. రెండు సెల్లులు వేసి చూస్తే ఇంకా పనిచేస్తోంది! స్టేషన్ మాత్రం పట్టలేదు, ఒకటే గరగర. మా అక్క కూతురు, తొమ్మిదేళ్ళది, పరుగెత్తుకొచ్చి "మామా, గీ గరగర ఏంది?" అంది.

మనం ఊరుకుంటామా? బీటెక్ ఈసీఈ చదివి, జావా రాసుకుంటూ బతుకుతున్న బాధంతా అక్కడే తీర్చుకోవాలి. "అది ఆకాశం మాట్లాడుతుందే. నక్షత్రాలు పుట్టకముందు నుంచి వస్తున్న చప్పుడది" అని దంచేశా. అది నోరు తెరుచుకుని వింటోంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. దాంతో పాటే రేడియోలో గరగర కూడా ముప్పాతిక వంతు తగ్గిపోయింది. పిల్ల ఒక్క క్షణం ఆలోచించి అడిగింది: "మామా, ఆకాశం గూడ కరెంటు మీదనే నడుస్తదా?"

ఇంట్లో అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న తలలోంచి పోలేదు. ఎందుకంటే గత డెబ్భై అయిదేళ్ళుగా ప్రపంచంలో మహా మేధావులు చేస్తున్న ఒక పని మొత్తం ఆ ప్రశ్నలోనే ఉంది. వినబడుతున్న చప్పుడులో ఆకాశానిది ఎంత, మన ఇంటిది ఎంత? ఈ టపా దాని గురించే. కొంచెం పొడుగు, టీ తెచ్చుకుని కూర్చోండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. నేను చెప్పింది శుద్ధ అబద్ధం. మీడియం వేవ్ మీద అంతరిక్షం నుంచి వచ్చేది ఏదీ మన దాకా రాదు, పైనున్న అయనోస్ఫియర్ ఆపేస్తుంది. మేం విన్న గరగర ఎల్ఈడీ బల్బులది, సెట్‌టాప్ బాక్సుది, ఫోన్ చార్జర్లది. కొంత ఎక్కడో మెరిసిన మెరుపులది. కానీ అదే రేడియోలో ఎఫ్ఎం బ్యాండుకి వెళ్తే నా మాట పూర్తి అబద్ధం కాదు. ఆ కథ మొదలుపెట్టాలంటే 1944కి వెళ్ళాలి.

రెండో ప్రపంచయుద్ధం. హాలండ్ జర్మన్ల చేతిలో ఉంది. అమెరికాలో గ్రోట్ రీబర్ అనే ఇంజనీరు తన ఇంటి పెరట్లో డిష్ కట్టుకుని ఆకాశం నుంచి వచ్చే రేడియో చప్పుడుని కొలిచి రాసిన పేపరు ఎలాగో లైడెన్ చేరింది. అక్కడి ఖగోళ శాస్త్రవేత్త యాన్ ఊర్ట్ ఒక కుర్ర విద్యార్థిని పిలిచి, "ఈ రేడియోలో ఏదైనా ఒక గీత, అంటే ఒకే ఒక్క నిర్దిష్టమైన పౌనఃపున్యం దగ్గర వచ్చే సంకేతం, ఉండే అవకాశం ఉందేమో చూడు" అన్నాడు. ఆ కుర్రాడు హెండ్రిక్ వాన్ డె హల్స్ట్. లెక్కేసి, ఉంది అన్నాడు. హైడ్రోజన్ నుంచి, 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర.

హైడ్రోజన్, మన సైన్సు పుస్తకాల భాషలో ఉదజని, ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్. అంతే, ఇంతకన్నా సింపుల్ డిజైన్ ఉండదు. రెండింటికీ స్పిన్ అనే గుణం ఉంది. రెండు స్పిన్‌లూ ఒకే దిక్కుకి ఉంటే శక్తి కాస్త ఎక్కువ, ఎదురెదురుగా ఉంటే కాస్త తక్కువ. ఎలక్ట్రాన్ ఎప్పుడైనా పల్టీ కొడితే ఆ తేడా రేడియో తరంగంగా బయటికి వస్తుంది. పౌనఃపున్యం 1420.4 మెగాహెర్ట్జ్. చిక్కేంటంటే, ఒక అణువు తనంతట తాను ఈ పల్టీ కొట్టడానికి సగటున కోటి సంవత్సరాలకు పైనే పడుతుంది. మనింట్లో గ్లాసెడు హైడ్రోజన్ పెట్టుకుని ఎదురుచూస్తే పని జరగదు. కానీ విశ్వంలో ఉన్న మామూలు పదార్థంలో ముప్పాతిక వంతు హైడ్రోజనే. అన్ని కోట్ల కోట్ల అణువులుంటే ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు పల్టీ కొడుతూనే ఉంటాడు.

దాన్ని మొదట విన్నది 1951 మార్చి 25న. హార్వర్డ్‌లో హెరాల్డ్ ఈవెన్ అనే పరిశోధక విద్యార్థి, ఆయన గైడు ఎడ్వర్డ్ పర్సెల్. గ్రాంటు మొత్తం 500 డాలర్లు. ప్లైవుడ్డుకి రాగిరేకు తొడిగి గరాటులాంటి యాంటెనా చేసి నాలుగో అంతస్తు కిటికీలోంచి బయటకు పెట్టారు. వానొస్తే నీళ్ళు గరాటులోంచి లాబులోకి వచ్చేవి. చలికాలంలో కుర్రాళ్ళు గురిచూసి అందులోకి మంచుముద్దలు విసిరేవాళ్ళు. (కాలేజీ అంటే ఎక్కడైనా కాలేజీయే.)

ఇందులో ఇద్దరు ఇంజనీర్లు గమనించాల్సిన సంగతులు రెండున్నాయి. ఒకటి, ఈవెన్ చేసిన కిటుకు. ఆ బలహీనమైన సంకేతం కంటే రిసీవర్ సొంత చప్పుడే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకని రిసీవర్‌ని రెండు పౌనఃపున్యాల మధ్య టకటకా మారుస్తూ, ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేశాడు. రెండింట్లోనూ సమానంగా ఉన్నది రిసీవర్ చప్పుడు, అది కొట్టేసుకుపోతుంది. మిగిలింది ఆకాశం. అంటే ఈ శాస్త్రం పుట్టిన రోజునే మొదటి పాఠం అదే: నీ చప్పుడు నువ్వు తీసేసుకో.

రెండోది, పెద్దమనిషితనం. డచ్చి వాళ్ళు కూడా అదే వేటలో ఉన్నారు, 1950లో వాళ్ళ రిసీవరు అగ్నిప్రమాదంలో కాలిపోయి వెనకబడ్డారు. హార్వర్డ్ వాళ్ళు దొరకగానే మొదట మేమే అని పరుగెత్తకుండా తమ పద్ధతి డచ్చి వాళ్ళకి చెప్పారు. ఆస్ట్రేలియాకీ కబురు పంపారు. మే నెలలో డచ్చి వాళ్ళు విన్నారు, తర్వాత ఆస్ట్రేలియా వాళ్ళూ విన్నారు. హార్వర్డ్ పేపరు, డచ్చి పేపరు, ఆస్ట్రేలియా నుంచి వచ్చిన కబురు అన్నీ ఒకేసారి 1951 సెప్టెంబర్ 1 నాటి 'నేచర్' పత్రికలో వచ్చాయి. ముగ్గురు వేర్వేరు మనుషులు, మూడు వేర్వేరు పెట్టెలతో, అదే సంగతి విన్నారు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, కథ చివర్లో పనికొస్తుంది.

ఇంతకీ దీనికీ విశ్వం పుట్టుకకీ సంబంధం ఏంటి?

విశ్వం వ్యాకోచిస్తోంది, అందులో ప్రయాణించే తరంగం కూడా సాగుతుంది. ఎంత పాత తరంగమైతే అంత ఎక్కువ సాగుతుంది. మనకి ఇది ఇంకా సులువుగా అర్థమవుతుంది: హైడ్రోజన్ పంపిన ప్రతి సందేశానికీ ఒక టైమ్‌స్టాంపు ఉంది. బయల్దేరినప్పుడు అందరూ 1420. మన దగ్గరికి 710గా వస్తే తరంగం రెట్టింపు సాగింది, 142గా వస్తే పదిరెట్లు. రేడియో ముల్లు ఎడమకి తిప్పుతున్న కొద్దీ గతంలోకి వెళ్తున్నట్టు. విశ్వం రాసుకున్న లాగ్ ఫైలు ఇది, లైను లైనుకీ తేదీతో సహా.

ఒక ఉదాహరణ. హైదరాబాదులో 101.9 ఎఫ్ఎం రెయిన్‌బో. ఆ పౌనఃపున్యం దగ్గరికి రావాలంటే ఉదజని సంకేతం సుమారు 14 రెట్లు సాగాలి. అంటే విశ్వానికి 33 కోట్ల ఏళ్ళ వయసున్నప్పుడు బయల్దేరాలి. ఇప్పుడు విశ్వం వయసు 1380 కోట్లు. ట్రాఫిక్‌లో ఇరుక్కుని మీరు పాత పాటలు వింటున్న అదే ముల్లు దగ్గర, దాదాపు 1345 కోట్ల ఏళ్ళ క్రితం బయల్దేరిన ఉదజని మాట కూడా ఉంటుంది. మీ కారు రేడియోకి వినబడదు, అంతే.

ఆ లాగ్ ఫైల్లో చదవాలని అందరూ తపిస్తున్న పేజీ ఒకటుంది. విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్ళకి చల్లబడి ఎలక్ట్రాన్లూ ప్రోటాన్లూ కలిసి అణువులయ్యాయి. ఆ తర్వాత కోట్ల ఏళ్ళ పాటు నక్షత్రం లేదు, గేలాక్సీ లేదు. చీకటి యుగం. చీకట్లో నిండా ఉదజని. తర్వాత ఎప్పుడో మొదటి నక్షత్రం వెలిగింది. దాని వెలుగు తగిలి చుట్టూ ఉన్న చల్లని ఉదజని, వెనకనుంచి వస్తున్న ఆదిమ రేడియో వెలుగులోంచి కొంచెం మింగేస్తుంది. అంటే ఆకాశపు రేడియో వర్ణపటంలో ఒక చిన్న గుంట పడాలి. ఆ గుంట ఏ పౌనఃపున్యం దగ్గర ఉందో చూస్తే మొదటి నక్షత్రాలు ఎప్పుడు పుట్టాయో తెలిసిపోతుంది. ఆ తర్వాత నక్షత్రాల వేడికి ఉదజని వేడెక్కి, చివరికి మళ్ళీ ముక్కలై, సంకేతమే మాయమవుతుంది.

వినడానికి ఎంత బాగుందో కదా! ఇప్పుడు అసలు బాధ. ఆ గుంట లోతు మహా అయితే 0.2 డిగ్రీలు. మన పాలపుంత గేలాక్సీ అదే చోట చేసే రేడియో చప్పుడు వెయ్యి డిగ్రీలకు పైనే. సంత మధ్యలో నిలబడి పక్క ఊళ్ళో చీమ నడక వినడం లాంటిది. పైగా ఆ సంతలో ఎఫ్ఎం స్టేషన్లు, టీవీలు, ఎగిరే విమానం రెక్కల మీద పడి తిరిగొచ్చే ఎఫ్ఎం, మన యాంటెనా తానే చేసే గోల.

ఈ సంతకి దూరంగా ఎక్కడికైనా పోవాలి. తెలుగు నేలకి ఇందులో పాత్ర వచ్చింది ఇక్కడే.

ఏమాటకామాటే, గోలకి దూరంగా పోవడం మనకి కొత్తేం కాదు. నిజాం కాలంలో నవాబ్ జఫర్ జంగ్ పెట్టిన నిజామియా అబ్జర్వేటరీ బేగంపేటలో ఉండి, ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా చేసిన అంతర్జాతీయ సర్వేలో తన వాటా భాగాన్ని పూర్తిచేసింది. తర్వాత ఊరు పెరిగి, దీపాలు పెరిగి, ఉస్మానియా వాళ్ళు 48 అంగుళాల టెలిస్కోపుని 1968లో ఊరికి దూరంగా జపాల్, రంగాపూర్‌ల దగ్గర పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు పారిపోయింది దీపాల వెలుగు నుంచి. ఇప్పుడు పారిపోవాల్సింది రేడియో వెలుగు నుంచి.

హిందూపురం దాటి సరిహద్దుకి అవతల, కర్ణాటకలో గౌరీబిదనూరు ఉంది. బెంగుళూరులోని రామన్ పరిశోధన సంస్థ, భారత ఖగోళభౌతిక సంస్థ కలిసి అక్కడ 1970లలో 1000 డైపోల్ యాంటెనాలు పాతి 34.5 మెగాహెర్ట్జ్ దగ్గర ఆకాశాన్ని వినడం మొదలుపెట్టాయి. దాంతో కె.ఎస్. ద్వారకానాథ్, ఎన్. ఉదయశంకర్ చేసిన ఆకాశం సర్వే 1990లో వచ్చింది. వాళ్ళు పటం గీసింది సంకేతానిది కాదు, చాలా మటుకు పాలపుంత గోలది. కానీ ఏది గోలో తెలియనివాడు దాన్ని తీసేదెలా? ఇలాంటి పటాలే తర్వాత వాళ్ళకి ఆధారం.

అదే రామన్ సంస్థ వాళ్ళు ఆ తర్వాత 'సారస్' అనే చిన్న యాంటెనా ప్రయోగం మొదలుపెట్టారు. ఇంగ్లీషు పొడి అక్షరాల పేరే గానీ సంస్కృతంలో సారసం అంటే నీళ్ళ దగ్గర ఉండే పక్షి. రెండో రూపం, సారస్ 2, పెట్టింది ఎక్కడో తెలుసా? అనంతపురం జిల్లాలో! చెన్నేకొత్తపల్లి దగ్గరి టింబక్టు కలెక్టివ్‌లో. (2022 నుంచి అది శ్రీ సత్యసాయి జిల్లా.) బీడుపడ్డ నేలని మళ్ళీ అడవి చేద్దామని 1990లో కొందరు మొదలుపెట్టిన చోటు అది. సేంద్రియ వ్యవసాయం, మహిళల పొదుపు సంఘాలు వగైరా. శాస్త్రవేత్తలకి కావలసిందల్లా అక్కడి నిశ్శబ్దం. చెవికి వినబడే నిశ్శబ్దం కాదు, రేడియో నిశ్శబ్దం. మనం వెనకబడిన ప్రాంతం అని పేరుపెట్టి వదిలేసిన చోట, ఏ ల్యాబులోనూ కొనలేని వస్తువు ఉంది.

అక్కడ రాత్రుళ్ళు 63 గంటల పాటు 110 నుంచి 200 మెగాహెర్ట్జ్ మధ్య ఆకాశాన్ని రికార్డు చేశారు. అంటే విశ్వానికి సుమారు 37 కోట్ల ఏళ్ళ నుంచి 90 కోట్ల ఏళ్ళ వయసు వరకు. ఫలితాలు 2017, 2018లలో వచ్చాయి. సంకేతం దొరకలేదు. కానీ, ఉదజని చాలాకాలం చల్లగా ఉండిపోయి తర్వాత గబగబా ముక్కలైపోయింది అని చెప్పే కొన్ని సిద్ధాంతాలు నిజమైతే ఈ డేటాలో కనబడి తీరాలి. కనబడలేదు కాబట్టి ఆ సిద్ధాంతాలు చెల్లవు అని తేల్చారు. అనంతపురం గుట్టల మధ్య కూర్చుని 1300 కోట్ల ఏళ్ళ నాటి సంగతి ఒకటి "ఇలా జరగలేదు" అని చెప్పారు. నాకైతే చదవగానే ఒళ్ళు జలదరించింది.

సరిగ్గా అదే 2018లో, మార్చి 1 నాటి 'నేచర్'లో, బాంబు పేలింది. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారిలో 'ఎడ్జెస్' అనే అమెరికన్ ప్రయోగం (జడ్ బౌమన్ బృందం) ఆ గుంట తమకి దొరికిందని ప్రకటించింది. 78 మెగాహెర్ట్జ్ దగ్గర. విశ్వానికి 18 కోట్ల ఏళ్ళ వయసుకల్లా నక్షత్రాలు వెలిగేశాయి అని. లోతు మాత్రం 0.5 డిగ్రీలు, సిద్ధాంతం చెప్పిన గరిష్ఠానికి రెట్టింపు కన్నా ఎక్కువ! అంత చల్లగా ఉదజని ఎలా అయింది? కృష్ణపదార్థం దాని వేడి లాగేసుకుందేమో అని ఒకరు, వెనక ఇంకో రేడియో వెలుగు ఉందేమో అని ఒకరు, పేపర్ల మీద పేపర్లు వచ్చిపడ్డాయి. నిజమైతే రెండు నోబెళ్ళు అన్నవాళ్ళూ ఉన్నారు.

ఎడ్జెస్ వాళ్ళు తొందరపడ్డారని మాత్రం నేను అనను. రెండో యాంటెనా కట్టి చూశారు, దిక్కు మార్చి చూశారు, రెండేళ్ళు తమని తామే అనుమానించుకున్నారు. అయినా అనుమానాలు వచ్చాయి. రిచర్డ్ హిల్స్, మన టీఐఎఫ్ఆర్ గిరీశ్ కులకర్ణి ఇంకొందరు కలిసి, మీరు గోలని తీసేసిన లెక్కలోనే తేడా ఉందేమో అని అదే ఏడాది రాశారు.

అప్పుడు రామన్ సంస్థ వాళ్ళు సారస్ 3 కట్టారు. ఈసారి నేల మీద పెట్టనే లేదు. ఎందుకంటే యాంటెనా కింద నేల పొరలు పొరలుగా ఉంటుంది, ఒక్కో పొర సంకేతాన్ని ఒక్కోలా వెనక్కి కొడుతుంది, ఆ ప్రతిధ్వనే ఒక గుంటలా కనబడొచ్చు. నీళ్ళయితే అంతటా ఒకేలా ఉంటాయి. అందుకని 2020 మొదట్లో కర్ణాటకలోని దండిగానహళ్ళి చెరువులో, శరావతి బ్యాక్‌వాటర్స్‌లో తెప్ప మీద యాంటెనా పెట్టి తేలించారు. సారసం చివరికి నీళ్ళ మీదకే చేరింది! సౌరభ్ సింగ్, రవి సుబ్రహ్మణ్యన్, మయూరి రావు తదితరుల పేపరు 2022 ఫిబ్రవరి 28న 'నేచర్ ఆస్ట్రానమీ'లో వచ్చింది. ఒక్క మాటలో సారాంశం: ఎడ్జెస్ చెప్పిన ఆకారం గుంట మాకు కనబడలేదు, 95.3 శాతం నమ్మకంతో దాన్ని కాదంటున్నాం.

1951ని గుర్తుతెచ్చుకోండి. అప్పుడు ముగ్గురు విన్నారు, అది నిజమైంది. ఇప్పుడు ఒకరు విన్నారు, రెండోవాళ్ళకి వినబడలేదు. ఆ గుంట ఆకాశానిది కాకపోవచ్చు, కొలిచే పెట్టెదో దాని కింది నేలదో కావచ్చు. అచ్చంగా మా పిల్ల ప్రశ్నే.

ఈ రంగం తవ్వేకొద్దీ ఇలాంటివే కనబడ్డాయి నాకు. పుణె దగ్గర ఖోదాద్‌లో గోవింద్ స్వరూప్ కట్టించిన జీఎంఆర్‌టీ ఉంది, 45 మీటర్ల డిష్‌లు 30. ఆదిమ విశ్వంలోని ఉదజనిని వెతకడమే దాని తొలి లక్ష్యాల్లో ఒకటి. ఒక అంతర్జాతీయ బృందం దాంతో 2011లో, సంకేతం ఉంటే 70 మిల్లీకెల్విన్‌ల లోపే ఉండాలి అని ఒక హద్దు ప్రకటించింది. అదే బృందం 2013లో మళ్ళీ వచ్చి, అబ్బే కాదు, గోలని తీసేసేటప్పుడు మా ఫిల్టరు అసలు సంకేతాన్ని కూడా కొంత తినేస్తోంది, సరిచేస్తే హద్దు 248 మిల్లీకెల్విన్‌లు అని రాసింది. దక్షిణాఫ్రికాలో 'పేపర్' అనే ప్రయోగం వాళ్ళు కూడా 2015లో ప్రకటించిన హద్దుని ఇదే కారణంతో 2018లో వెనక్కి తీసుకున్నారు. కోడ్‌లో బగ్గు తామే పట్టుకుని, తామే ఊరంతా చాటుకున్నారు. ఆలోచించండి, మీ రిలీజ్ నోట్స్‌లో "పోయినసారి చెప్పిన నంబరు తప్పు, అసలుది ఇంతకన్నా మూడున్నర రెట్లు దరిద్రంగా ఉంది" అని ఎప్పుడైనా రాశారా?

నేను రాయలేదు. అందుకే ఈ టపా రాస్తున్నానేమో కూడా.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక సర్వీసు వేగం పెంచే పని నాది. టెస్టులో 30 శాతం మెరుగు వచ్చింది. శుక్రవారం డెమో. గురువారం రాత్రి నాకు అనుమానమొచ్చి చూస్తే, పాత వెర్షన్‌ని కొలిచినప్పుడు క్యాష్ ఖాళీగా ఉంది, కొత్తదాన్ని కొలిచినప్పుడు నిండుగా ఉంది. అంటే ఆ 30 నా కోడ్‌ది కాదు, కొలిచిన పద్ధతిది. చెప్పాలా? స్లైడ్లు అయిపోయాయి, మేనేజరు పైవాళ్ళకి మెయిల్ కొట్టేశాడు. ఊరుకున్నా. చప్పట్లు కొట్టారు. రెండు వారాల తర్వాత నా పక్క వరసలో కూర్చునే టెస్టింగ్ అమ్మాయి, ఎవరూ అడక్కుండానే, రెండింటినీ ఒకే పరిస్థితిలో మళ్ళీ కొలిచి మెయిల్లో ఒక్క లైను రాసింది: "చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు." ఆమెకి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పైగా పనిలేక చేసిందన్నారు. నేను తల వంచుకుని కూర్చున్నానే తప్ప, ఆమె చెప్పింది నిజం అనలేదు. ఆ తర్వాత నెలకే ఆమె వేరే చోటికి వెళ్ళిపోయింది.

సారస్ 3 పేపరు చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ మెయిలే. నాకు అర్థమైన చరిత్ర ఇది: ఉదజని సర్వేల కథ "దొరికింది" అన్నవాళ్ళ కథ కన్నా "ఇది మన గోలే" అన్నవాళ్ళ కథ. "ఉంది" అనడానికి ఒక గుంట చాలు. "లేదు" అనడానికి యాంటెనాని, తీగని, నేలని, చెరువుని, మనల్ని మనం పూర్తిగా అర్థం చేసుకోవాలి. మన పరిశ్రమలో ఉన్నదానికే ఇంక్రిమెంటు, లేదని తేల్చినవాడికి లేదు.

అలాగని ఎప్పటికీ దొరకదని కాదు. 2020లో జీఎంఆర్‌టీతో ఆదిత్య చౌధురి, నిస్సిం కనేకర్ బృందం 7653 గేలాక్సీల సంకేతాలని ఒకదానిమీద ఒకటి పేర్చి, 800 కోట్ల ఏళ్ళ క్రితపు ఉదజనిని నిజంగానే విన్నారు. అది నక్షత్రాలు పుట్టేశాక చాలా కాలానికి సంగతి, మొదటి వెలుగు కాదు. ఆ మొదటి వెలుగు గుంట మాత్రం ఇద్దరు వేర్వేరు మనుషులు విని ఒప్పుకున్నది ఇంతవరకూ లేదు. దాని కోసం ఆస్ట్రేలియాలో 1,31,072 యాంటెనాలతో స్కా టెలిస్కోపు కడుతున్నారు. అందులో భారత్ వాటా 1250 కోట్ల రూపాయలు, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌లో పెద్ద భాగం పుణె వాళ్ళ నాయకత్వంలో మన ఇంజనీర్లే రాస్తున్నారు. రామన్ సంస్థ వాళ్ళు ఇంకా ముందుకెళ్ళి, చంద్రుడి చుట్టూ తిరుగుతూ అవతలి వైపు నుంచి వినే 'ప్రత్యూష్' అనే ప్రయోగాన్ని ప్రతిపాదించారు. భూమ్మీది ఎఫ్ఎం గోల చేరని చోటు అదొక్కటే మరి. ప్రత్యూషం అంటే తెల్లవారుజాము. పేరు పెట్టినవాళ్ళకి దండం పెట్టాలి.

సరే, మా ఊరి సంగతితో ముగిస్తాను. మర్నాడు సాయంత్రం పిల్లని బండి మీద కూర్చోబెట్టుకుని చెలకకి తీసుకెళ్ళా. ఇల్లు లేదు, వైరు లేదు, బోరు మోటారు కూడా బంద్. ఫోన్ ఆఫ్ చేశా. తాత రేడియో ఎఫ్ఎం బ్యాండులో స్టేషను లేని చోట పెట్టా. స్స్‌స్స్ మని సన్నగా.

"నిన్న నేను చెప్పింది తప్పు. నిన్నటిది మన ఇంటి గరగరే" అన్నాను.

"మరి గిది?"

"ఇందులో చాలావరకు ఈ రేడియోదే. కొంచెం మాత్రం మన పాలపుంతది. పైనున్న నక్షత్రాల మధ్య నుంచి వచ్చింది. అందులో నక్షత్రాలు పుట్టకముందుది చీమంత ఉంటుంది. ఏది ఎంతో ఈ రేడియోతో చెప్పలేం."

కాసేపు చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "అయితే రేడియోది తీసేస్తే మిగిలిందంత ఆకాశందే గద?" అంది.

అంతేనమ్మా, తీసెయ్యడమే కష్టం అన్నాను. ఇంటికొచ్చాక ముల్లు మళ్ళీ 738 మీద పెట్టి రేడియో కిటికీలో ఉంచాను. ఆ రాత్రి పాత కాంటాక్టుల్లో వెతికి ఆ టెస్టింగ్ అమ్మాయికి మెసేజ్ పెట్టాను, అయిదేళ్ళు ఆలస్యంగా: "ఆ రోజు నువ్వు కొలిచిందే కరెక్టు. నాకు ముందే తెలుసు."

ఇంకా జవాబు రాలేదు. రాకపోయినా ఫర్లేదు.